సంఘసేవకుడి పద్దు

ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులో రాయాలి. 2002, 2003లలో సుప్రీంకోర్టు పట్టుబట్టి ఓటరుకు ఇప్పించిన హక్కు ఇది. 2018లో ఇంకో తీర్పు వచ్చి, ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చెప్పమంది. మావైపు నాయకులకు అదొక లెక్కా? వృత్తి: వ్యవసాయం, సమాజ సేవ. వాన దయతలిస్తే తప్ప శెనక్కాయ చేతికిరాని నేల మీద ఏటేటా లాభాలు పండించే వ్యవసాయం అది. పైగా దానికి ఆదాయపు పన్ను లేదు. సమాజ సేవకు జీతం లేదు గానీ, చేసేకొద్దీ చేసేవాడి ఆస్తి పెరుగుతుంది. పక్కనే అంత విశ్వవిద్యాలయం పెట్టుకుని, ఈ సూత్రం మీద తిరుపతిలో ఎవరూ పరిశోధన చేయకపోవడం అన్యాయం.

ఇక ఖర్చు. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. అందుకే అందరూ ఇస్తారు. ఊరంతా చూసిన ఊరేగింపులు, కటౌట్లు, క్రేన్లకు వేలాడిన గజమాలలు, రోజూ దించిన బిర్యానీ హండాలు, అన్నీ కలిపి 40 లక్షలలోపే సర్దుకుంటాయి. కొండమీద ఉచిత అన్నప్రసాదం నడిపే టీటీడీ కూడా ఇంత పొదుపు నేర్చుకోలేదు.

నిజం చెబితే ఏమవుతుందో తెలిసినవాళ్లు కాబట్టి అబద్ధం చెబుతున్నారని అనుకోవాలి. 2016లో అప్పటి స్పీకర్ కోడెల శివప్రసాదరావు ఒక టీవీ ఇంటర్వ్యూలో, 1983లో తన తొలి ఎన్నికకు 30 వేలయిందని, 2014లో పదకొండున్నర కోట్లయిందని ఉన్నమాట చెప్పేశారు. అప్పటి పరిమితి 28 లక్షలు. అంటే 41 రెట్లు. కేసు కరీంనగర్ కోర్టులో పడింది, సమన్లు వచ్చాయి. పరిమితి లోపలే ఖర్చుపెట్టామని సంతకాలు చేసిన వందలమంది మాత్రం హాయిగా పడుకున్నారు. ఆ ఇంటర్వ్యూ తర్వాత నోరు జారే స్పీకర్ మళ్లీ కనబడలేదు.

చట్టం ఇంత అమాయకంగా ఎందుకుంది అంటే, అది అమాయకంగా లేదు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం చెప్పిన రోజు దాకా పెట్టిందే ఖర్చు. 2024లో మన దగ్గర నామినేషన్లు ఏప్రిల్ 18న మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాదంతా పంచిన చీరలు, ఆడించిన క్రికెట్ టోర్నమెంట్లు సంఘసేవ పద్దులోకి వెళ్లిపోయాయి. పార్టీ చేసే ఖర్చుకైతే పరిమితే లేదు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టింది కూడా అభ్యర్థి ఖర్చేనని తీర్పు చెప్పింది. అదే నెలలో ఆర్డినెన్సు వచ్చి ఆ తీర్పును పక్కకు నెట్టింది. మన ప్రభుత్వాలు అంత చురుగ్గా కదలడం చాలా అరుదు. 2003లో ఆ మినహాయింపును కుదించారు గానీ, పెద్ద నాయకుల హెలికాప్టర్లు ఇప్పటికీ లెక్కకు పైనే ఎగురుతున్నాయి.

ఇంత డబ్బు ఎవరిచ్చారు, బదులుగా ఏం కోరారు అన్నది అడగాల్సిన ప్రశ్న. అడగం. అడిగితే ‘అభివృద్ధే నా ధ్యేయం’ అంటారు. చిత్తూరు విజయా డెయిరీ 2002లో మూతబడింది. దాన్ని తెరిపిస్తామన్న మాట ఎన్నికల్లో వింటూ వచ్చాం. చివరికి 2023 జులైలో, పోలింగుకు పది నెలల ముందు, అమూల్ పేరుతో శంకుస్థాపన జరిగింది. 2025లో తోతాపురి మామిడికాయ కొనే దిక్కులేక రోడ్డున పడింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో రాత్రి గడిపిన రైతును మీ ఎమ్మెల్యే ధ్యేయం ఏందన్నా అని అడిగి చూడండి. జవాబు అచ్చువేయడానికి పనికిరాదు.

నిజానికి తిరుపతి వైపు ఎమ్మెల్యేకు తిరుగులేని విధానం ఒకటుంది. శ్రీవారి దర్శనానికి ఇచ్చే సిఫార్సు లేఖ. ప్రచారానికి వ్యాను ఇచ్చినాయనకు, జెండాలు కుట్టించినాయనకు, ఓట్లు ‘చూసుకున్న’ బావమరిదికి రుణం తీర్చే నాణెం అదే. ఖర్చు లేదు, ఆడిట్ లేదు, పైగా పుణ్యం. సర్వదర్శనం లైనులో పసిబిడ్డతో గంటల తరబడి కూర్చున్న ఓటరు ముందు నుంచే, 500 రూపాయల బ్రేక్ టికెట్ పట్టుకుని ఆ దాతలు వెళతారు. దీని విలువ తెలిసే తెలంగాణ ఎమ్మెల్యేలు తమ లేఖలు కూడా చెల్లాలని పోరాడి, 2025 మార్చికి సాధించుకున్నారు. ఎన్నికల కోడ్ రాగానే టీటీడీ ఈ లేఖలు ఆపేస్తుంది. కోడ్ వల్ల నిజంగా ఆగిపోయే ప్రజాసేవ నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక నియోజకవర్గంతో నాయకుల అనుభవమంటారా, అదీ ఊరికో రకం. 1983లో ఎన్టీఆర్ తిరుపతిలో, గుడివాడలో గెలిచి గుడివాడ ఉంచుకున్నారు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు, 2012లో రాజ్యసభకు వెళ్లిపోయారు. 2019లో చిత్తూరులో వైసీపీ తరఫున గెలిచిన ఆరణి శ్రీనివాసులు 2024లో తిరుపతిలో జనసేన తరఫున గెలిచారు. ఊరు మారింది, జెండా మారింది, నియోజకవర్గ సమస్యలు మాత్రం ఇక్కడికొచ్చాక కొత్తగా కనబడి ఉంటాయి.

నాదొక కోరిక. ఎన్నికలప్పుడు జిల్లా అధికారులు టీకి, టిఫినుకు, కుర్చీకి, షామియానాకు ఒక రేట్ల పట్టిక ఖరారు చేస్తారు. ఖర్చు ఆ పట్టిక ప్రకారం లెక్కకడతారు. రేట్లు మరీ ఎక్కువయ్యాయి, తగ్గించండి సార్ అని పార్టీల ప్రతినిధులు కలెక్టరేట్‌లో గట్టిగా బేరమాడతారు. వాళ్లు అడిగిన ఆ ధరలకు ఇడ్లీ, బిర్యానీ దొరికే హోటలు ఎక్కడుందో చెబితే, గెలిచినాయన సంతకం చేసిన లెక్క కాపీని నా ఖర్చుతో ఫ్రేము కట్టించి ఆ హోటలు గల్లాపెట్టె పైన తగిలిస్తాను.