మా ప్రహరీ గోడ టెండరు

జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,

ఇంద్రేశం నుంచి ఒక ఇంటి యజమాని రాయునది ఏమనగా: మా సంగారెడ్డి జిల్లా గిర్మాపూర్ దగ్గర మొదలై చౌటుప్పల్ దిక్కు పోయే ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగానికి మీరు 2024 డిసెంబర్‌లో 5 ప్యాకేజీలుగా టెండర్లు పిలిచారు. దరిదాపు 160 కిలోమీటర్లు. ఆ తర్వాత గడువు మీద గడువు పెరిగింది, 4 వరుసల దారి 6 వరుసల లెక్కకు వచ్చింది. ఆలస్యం సంగతి నేనడగను, భూములు పోయినోళ్లు అడుగుతరు. నా రంది అంతా కాంట్రాక్టరు గురించే.

మీ పద్ధతి నచ్చి మా ప్రహరీ గోడకూ టెండరు పెట్టాను. ముందు అర్హతల కవరు, తర్వాత ధరల కవరు. ముగ్గురు మేస్త్రీలు వచ్చారు. ఇలాంటి పని ఇంతకు ముందు ఏం చేశారంటే, ఒకాయన అపార్ట్‌మెంటు చూపించాడు. ఆరా తీస్తే అక్కడ ఆయన కట్టింది గేటు పక్కన పూలమొక్కల తొట్టి. కాగితం మీద మాత్రం అపార్ట్‌మెంటే ఉంది కాబట్టి పాసయ్యాడు. అందరికన్నా తక్కువ రేటు వేసిందీ ఆయనే. టెండరు భాషలో ఎల్‌వన్! పని ఆయన బామ్మర్దికిచ్చాడు, బామ్మర్ది ఇంకెవరికో ఇచ్చాడు. ఇటుకలు పేర్చిన పిల్లగాడి పేరు నాకు తెలియదు, ఇల్లు ఎవరిదో వాడికి తెలియదు. మొదటి వానకే గోడ పక్కింటి మీదికి ఒరిగింది. పక్కింటాయన పాపం, ఏ టెండరూ వేయకుండానే కర్ర ఊతమిచ్చాడు.

నా తెలివితక్కువతనమే అనుకున్నాను. కానీ 2025 అక్టోబర్‌లో మీ సంస్థే ఒప్పుకుంది: చిన్నచిన్న పనులు చూపించి పెద్ద రహదారులకు అర్హత తెచ్చుకుంటున్నవాళ్లున్నారని, అనుమతి లేకుండా పని వేరేవాళ్ల చేతుల్లో పెడుతున్నారని, ఇక అది కుదరదని. చదివి ప్రాణం కుదుటపడింది. తొట్టి మేస్త్రీలు మా ఊరి ప్రత్యేకత కాదన్నమాట!

ఇంకొక మాట. ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం దాకా మార్కులు వేసే వీలును కొన్ని పనులకు కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్‌లోనే ఇచ్చింది. ముంబై రోడ్డు లారీలన్నీ ఎక్కాల్సిన ఈ దారికి ఆ మార్కులు వేస్తే మీ సొమ్మేం పోతుంది?

పని మొదలైతే పెద్ద బోర్డు పెడతారు కదా. సంతకం పెట్టిన కంపెనీ పేరు కింద, నిజంగా రోడ్డు వేసేవాళ్ల పేరు కూడా రాయించండి. గిర్మాపూర్ మాకు దూరమేం కాదు, వచ్చి చదువుకుంటాం.

ఇట్లు,
కర్ర ఊతంతో నిలబడ్డ గోడ యజమాని,
ఇంద్రేశం.