నాదోపాసకుడు

కర్నూలున కొండారెడ్డి బురుజు చుట్టుపట్లనైనను, కడపలో ఏడురోడ్ల వెనుక సందులలోనైనను, పేటకొక్కడు చొప్పున కానవచ్చు విశిష్టపురుషు డొకడు కలడు. ప్లీడరును, పురోహితుని, పెండ్లిండ్ల పేరయ్యను వేడుకగా వర్ణించిన మన రచయితలు వీని నేల విడిచిరో తెలియదు. వృత్తిచే వీడు బడిపంతులో, బ్యాంకు గుమాస్తాయో యగును; ప్రవృత్తి మాత్రము లైనక్సు. అందును విశేషించి, లైనక్సు నెక్కించిన కంప్యూటరుచేత పాట పలికించుట. ఇతరుల జేబులో కలముండు చోట వీనికి పెన్‌డ్రైవుండును. ఎవరింట కంప్యూటరు మూగవోయినదని విన్నను, పిలుపునకై వేచియుండక, చెప్పులు తొడుగుకొనును.

ఈ దీక్ష వానికి ఇంజనీరింగు చదువుకాలమున పట్టినది. ఆ దినములలో, 2011 వరకు, లైనక్సు రూపాంతరమగు ఉబుంటువారు కోరినవారి కెల్లరకు, దమ్మిడీ పుచ్చుకొనక, విదేశమునుండి టపాలో డిస్కులు పంపుచుండిరి. పోస్టుమాను పరదేశపు కవరు పట్టుకొని వీధిలోనికి రాగా, "పిల్లోనికి అమెరికాలో ఉద్యోగమొచ్చినట్లుండాదే" యని అరుగులమీది పెద్దలు చెప్పుకొనుట విని, ఆ భ్రమను తొలగింపవలసిన యవసరము తనకు లేదని తలచి, డిస్కును బీరువాలో భద్రపరచెను. నాటినుండి దొంగనకలు విండోసున్న యింట మంచినీళ్లు ముట్టడని చెప్పజాలను గాని, ముట్టునప్పుడు మొగము చిట్లించును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లైనక్సునకు తెలుగు మొగము దిద్దిన సంగతి చెప్పునప్పుడు మాత్రము వాని కంఠము గద్గదమగును.

ఇక అసలు చిక్కు. లైనక్సు నెక్కించుటకు అరగంట చాలును. తెర వెలుగును, తెలుగక్షరములు వచ్చును, ఇంటర్నెట్టు తగులుకొనును, ధ్వని యొక్కటి మాత్రము రాదు. దీనికి కారణమేమని యడుగుట యెంతటి సాహసమో అడిగినవారికే యెరుక. ధ్వనికార్డులు చేయువారిలో పెక్కుమంది, విండోసునకు డ్రైవరు వ్రాసియిచ్చి, లైనక్సునకు డ్రైవరుగాని, చిప్పు మర్మము దెలుపు కాగితముగాని యీయకపోవుటచే, లోకమునందలి స్వచ్ఛందసేవకులు ఊహించియు, తడవియు డ్రైవర్లను కూర్చుకొనవలసి వచ్చినదని యుపక్రమించి, వీడు వంశావళి నెత్తుకొనును: 1991లో లీనస్ టోర్వాల్డ్స్ లైనక్సునకు గుండెయగు కర్నెలును ప్రకటించెను, హన్ను సవోలైనెన్ దానికి తొలిగా ధ్వని డ్రైవర్లను వ్రాసెను, చెక్ దేశీయుడగు యారొస్లావ్ కైసెలా, తన గ్రావిస్ కార్డు తృప్తికరముగా పలుకకపోవుటచే, 1998లో అల్సా యను ధ్వనివ్యవస్థ నారంభించెను, అది 2003 డిసెంబరులో 2.6 కర్నెలుతో అందరి యిండ్లకు వచ్చెను. దానిమీద పొయెటరింగ్ పల్స్‌ఆడియోను, ఆ స్థానమున టేమన్స్ పైప్‌వైరును నిలిపిరి. ఒక మేడమీద నింకొక మేడ యిట్లు లేచుచుండ, క్రింద గడపలో నిలిచిన గృహస్థునకు పాట మాత్రము వినబడదు.

కడపలో నొక విశ్రాంత ఉపాధ్యాయులు కలరు. జిల్లాయంతట వారిని అయివారనియే పిలుతురు. తాళ్లపాక కీర్తనల నిన్నాళ్లు ఆకాశవాణి కడపకేంద్రము, మీడియంవేవు 900 కిలోహెర్ట్జులపై వినిన చెవులవి. కుమారుడు కంప్యూటరు నిచ్చి, కీర్తన లన్నియు నందులో నింపి, బెంగుళూరు వెడలిపోయెను. పిమ్మట మన నాదోపాసకుడు దానికి లైనక్సు దీక్ష యిప్పించెను. నాటితో కీర్తనలు నిలిచినవి.

ఒక యాదివారము ఉదయము, ఎండ నలుబది డిగ్రీలు దాటబోవుచుండ, వాడు వచ్చి పీట వేసికొనెను. మొదట ఎల్‌ఎస్‌పీసీఐ యని కొట్టి కార్డు జాతిని కనుగొనెను. ఏప్లే యని కొట్టి, ఒకటి కాదు, రెండు కార్డులున్నవనియు, మొదటిది హెచ్‌డీఎంఐ తీగవెంట స్పీకర్లే లేని మానిటరునకు ధ్వనిని శ్రద్ధగా పంపుచున్నదనియు కనుగొని, ఏదో మహారోగము పేరు కనిపెట్టిన వైద్యునివలె వికసించెను. ఆపై మోడ్‌ప్రోబ్ ఫైలులో "మోడల్" అను నొక మాటచెంత త్రీస్టాక్ అని వ్రాసి యంత్రము నార్పి వెలిగించెను, పలుకలేదు. సిక్స్‌స్టాక్ అని వ్రాసి ఆర్పి వెలిగించెను; పలుకలేదు. ఉగ్గాని, బజ్జీ వచ్చినవి, పోయినవి. అల్సాను సోర్సునుండియే కంపైలు చేయుదునని పూనుకొనగా సరిగా సగమున కరెంటు పోయినది.

"ఏం నాయినా, పలికిందా?" యని అయివారు పడకకుర్చీలోనుండి యడిగిరి.

"ఇంగా పలకల్యా అయివారా. కర్నెలు పాతది, మార్చితే సరిపాయ."

బజారులో యూఎస్‌బీ ధ్వనికార్డు కొద్ది రూకలకే దొరకును గదా, అది తగిలించిన చాలదా యని ప్రక్కయింటి కుర్రవాడు సూచించెను. వీడు వాని వంక చూచిన చూపు వర్ణనకు లొంగదు.

సాయంకాలమునకు, ఎప్పుడో ఉదయము తెరచి "అంతా నిండుగా ఉండాది" యని మూసివేసిన, ధ్వనిమట్టములు దిద్దు అల్సామిక్సరును మరల తెరచి, ఈసారి ఎఫ్6 మీట నొక్కి అసలు కార్డు నెన్నుకొనెను. ఉదయము చూచినది పల్స్‌ఆడియో పటము మాత్రమే. ఇప్పుడు మాస్టరు స్తంభము పాదమున ఎమ్‌ఎమ్ అను రెండక్షరములు కనబడెను. నోరు కట్టబడియున్నదని దాని యర్థము; అల్సా తొలిసారి దిగినప్పుడు గొంతుక లన్నిటిని మూసియే యుంచుట దాని సంప్రదాయము. ఎమ్ అను మీట నొక్క తెరచుకొనును. వాడు నొక్కెను, స్తంభమును నూటికి లేపెను, స్పీకర్‌టెస్టు అని కొట్టెను.

ఆ పరీక్ష సంగీతమును పలుకదు. మేఘము చిల్లులు పడినట్లు హోరుమను నొక రొదను మాత్రము కురియును. వంటింటినుండి అయివారి భార్య, "వాన వచ్చె! మిద్దె మీద చెనిక్కాయలు తడిసిపోతాయి, ఎత్తండ్రా!" యని కేకలు వేయుచు తట్టతో మెట్లెక్కినది, ఆమె వెంట కోడలు, కోడలి వెంట ప్రక్కయింటి కుర్రవాడు. ఆకాశమున మబ్బుతునక లేదు. రాయలసీమలో వానపేరు చెప్పి మనుష్యులను మిద్దెయెక్కించుట ప్రభుత్వములకును సులభము కాదు.

అయివారు వణకు చేతులతో కీర్తన నొకటి మోగించిరి. పల్లవి సగమైనను కాకముందే వాడు దానిని నిలిపి, "వస్తాండాది, కాకపోతే ఎనక చిటపటమంటాండాది, ఇనపళ్యా?" యని కీబోర్డును లాగుకొని, బఫరు నెమకుచు కూర్చుండెను. వాని కింతవరకు ఒక్క పాటయైనను తుదివరకు విన్న పాపము లేదు. పాట వానికి సాక్ష్యము; తీర్పు వచ్చిన పిమ్మట సాక్షితో నేమి పని? ఉదయమునుండి మార్చిన ఫైళ్లు వృథాయే గదా యని అడిగినవారికి, అవి పునాదులని సమాధానము చెప్పును.

ఇప్పుడు వాని కాలము మారుచున్నది. క్రొత్త కర్నెళ్లు చాల కార్డులను తామే గుర్తించుచున్నవి. 2021లో ఫెడోరా యను మరియొక లైనక్సు రూపాంతరమును, మరుసటి యేట ఉబుంటువును పైప్‌వైరును ధ్వనికి ప్రధానము చేసికొనినవి. వాడు నిరుత్సాహపడక బ్లూటూతు హెడ్‌ఫోనుల వైపు తిరిగినాడు. అందు వానికి చాల భవిష్యత్తున్నదని నా నమ్మకము. పరిహాసమాడితిని గాని, జిల్లాలో పారవేయదగిన కంప్యూటర్లు కొన్ని బళ్లలో నేటికి నడచుచున్నవనిన అది వాని చలువయే. రుసుము పుచ్చుకొనడు.

కనుక పాఠకులారా, మీ యింట లైనక్సు మూగవోయినచో, మొదట స్పీకరు తీగ పచ్చని రంధ్రములో నున్నదో లేదో చూచుకొని, అల్సామిక్సరులో ఎఫ్6 నొక్కి, ఎమ్ నొక్కుడు. అప్పటికిని పలుకనిచో వానిని పిలిచి, కడుపునిండ సంగటి పెట్టుడు. పాట వచ్చిన తరువాత మాత్రము, క్రొత్త వెర్షను విడుదలైనదను మాట వాని చెవిని వేయకుడు.