ఒకటి బయటపడింది కదా!

నాకు తుపాకి పట్టుకోవడం వచ్చు. ఈ మాట వినే మనిషి దొరికిన ప్రతిసారీ చెప్పుకున్నాను. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి. క్యాంపులో .22 రైఫిల్‌తో 25 గజాల దూరం నుంచి కాల్చిన గుళ్ళన్నీ ఒకే గుప్పెట్లో పట్టేంత మేర పడ్డాయని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. పాపం, ఆవిడ నమ్మింది కూడా.

ఆ కథలో మాకు నేర్పిన ఉస్తాద్ గురించి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. రేంజిలో మా బుర్రతో పని లేదు, అంతా ఆయన గొంతుతోనే నడిచేది. పడుకోమంటే పడుకోవడం, తూటా పెట్టమంటే పెట్టడం, కాల్చమంటే కాల్చడం. తుపాకి మూతి టార్గెట్ వైపు నుంచి కాస్త పక్కకు తిరిగిందంటే తిట్లు మూడు భాషల్లో పడేవి. అంతా అయ్యాక "నిరీక్షణ్ కే లియే జాంచ్ శస్త్ర్" అని అరిచేవాడు. మేం బోల్టు వెనక్కి లాగి పట్టుకుంటే, వంగి లోపలికి చూసి, తృప్తి పడి పక్కవాడి దగ్గరికి వెళ్ళేవాడు. మేం పెట్టేది ఒక్కొక్క తూటానే. బోల్టు లాగితే అది బయట పడుతుంది, ఇక తుపాకిలో ఏమీ ఉండదు. లాగు, పడింది, ఖాళీ. చదువులో ఏదీ ఇంత బాగా వంటబట్టలేదు నాకు.

ఆ తర్వాత అమెరికా, ఉద్యోగం, గ్రీన్ కార్డు, డాలస్ శివార్లలో ఇల్లు. భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు బాగా తెలుసు. ఎవరింట్లోనో దొంగతనం జరిగిందని వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడల్లా కొందరు కెమెరాలు పెట్టించుకునేవారు, కొందరు లాకర్లు తీసుకునేవారు. నేను మాత్రం వెళ్ళి తుపాకి కొన్నాను. ఫారం 4473 నింపాను, షాపువాడు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపాడు, సరేనన్న జవాబు వచ్చింది, కార్డు గీశాను. కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో పెద్దవాళ్ళు చాలామంది వెంట పెట్టుకుని తిరగడానికి కూడా అక్కర్లేదు. మనూళ్ళో అయితే కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి కదా అని ఆ రోజు తెగ సంబరపడ్డాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ చెప్పులరిగే కాలంలో కొందరికైనా బుద్ధి వచ్చే అవకాశం ఉంటుందని.

క్లాసు ఉంది, చేరతావా అని షాపువాడు అడిగాడు. అక్కర్లేదు, ఎన్‌సీసీలో చేశానన్నాను. అదేమిటన్నాడు. ఇండియాలో సైన్యం తరఫున ఇచ్చే శిక్షణ అన్నాను. వాడు ఠీవిగా నిలబడి, దేశానికి నేను చేసిన సేవకు ధన్యవాదాలు చెప్పాడు. కాలేజీ కుర్రాళ్ళం, పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం వెళ్ళేవాళ్ళం నాయనా అని చెప్పాల్సింది. తల పంకించి ఊరుకున్నాను.

కొన్నది గ్లాక్ 19. దీన్ని తయారుచేసిన గాస్టన్ గ్లాక్ అనే ఆస్ట్రియా ఆయన అంతకుముందు కర్టెన్ రాడ్లు చేసేవాడు. 1982లో ఆస్ట్రియా సైన్యం ఆయన పిస్టల్‌ను తీసుకుంది, తర్వాత ప్రపంచమంతా తీసుకుంది. సినిమాల్లో హీరో బొటనవేలితో టిక్కుమని నొక్కే సేఫ్టీ మీట దీనికి ఉండదు. కిందపడితే పేలకుండా లోపల ఏర్పాట్లున్నాయి కానీ, వేలు పెట్టి ట్రిగ్గర్ నొక్కాక అవేవీ అడ్డుపడవు. ఇంకో సంగతి. శుభ్రం చేయడానికి భాగాలు విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అంటే తుడుచుకునే ప్రతిసారీ ఉత్తుత్తిగానైనా ఒకసారి కాల్చినట్టే. ఖాళీగా ఉంటే 'క్లిక్' మంటుంది. ఇదంతా పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఉంది. నేను యూట్యూబ్ చూశాను, అది కూడా ఒకటిన్నర రెట్ల వేగంతో.

మ్యాగజైన్ నిండా 15 తూటాలు, చాంబర్‌లో ఇంకొకటి, సదా సిద్ధంగా. అదీ ఎక్కడ? మంచం పక్క సొరుగులో. దానికి తాళం లేదు. ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లవాడున్నాడు, టీవీ రిమోట్ కోసం ఇంట్లో ప్రతి సొరుగూ లాగే రకం. మిగతా వెధవపనులన్నీ నవ్వుతూ చెప్పగలను కానీ దీని దగ్గర నాకు నవ్వు రాదు.

ఒక ఆదివారం మా ఆవిడ పిల్లవాణ్ణి తెలుగు క్లాసుకు తీసుకెళ్ళింది. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు పెరట్లో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తున్నారు. నేను మంచం మీద తువ్వాలు పరిచి, తుపాకి తీసి, స్లైడ్ వెనక్కి లాగి వదిలాను. చాంబర్‌లోని తూటా ఎగిరి తువ్వాలు మీద పడింది. ఒకటి బయటపడింది కదా, ఖాళీ అనుకున్నాను. తర్వాత మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాను. తర్వాత ట్రిగ్గర్ నొక్కాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడ్ లాగితే పాత తూటా బయటికి పోతుంది. స్లైడ్ తిరిగి ముందుకు వెళ్ళేటప్పుడు మ్యాగజైన్‌లోంచి కొత్తదాన్ని నెట్టుకుంటూ పోయి చాంబర్‌లో కూర్చోబెడుతుంది. అది చేయాల్సిన పనే అది. ముందు మ్యాగజైన్ తీసేసి ఆ తర్వాత స్లైడ్ లాగితే కొత్త తూటా రావడానికి దారి ఉండదు. చేయాల్సిన పనులు రెండూ చేశాను, వరస తిరగేశాను. మ్యాగజైన్ లేకపోతే పేలని పిస్టళ్ళు కొన్ని ఉన్నాయి. నాది అలాంటిది కాదు. ఒక్కో తూటా పెట్టి కాల్చే రైఫిల్ దగ్గర నూటికి నూరుపాళ్ళు పనికొచ్చిన అలవాటు ఇక్కడ నా చేతిలోని తుపాకిని నింపిపెట్టింది. పైగా రుజువుగా ఒక తూటాను కళ్ళముందు పడేసి చూపించింది కూడా. ఏమీ పడకపోయి ఉంటే బహుశా అనుమానపడి లోపలికి చూసేవాణ్ణి.

మూసిన గదిలో పిస్టల్ పేలితే ఎలా ఉంటుందో సినిమాలు చెప్పవు. చెవి చెడిపోవడానికి 140 డెసిబెల్స్ చాలు, పిస్టల్ చప్పుడు దాన్ని దాటుతుంది. ఏదీ వినపడలేదు, సన్నని కూత తప్ప. ఆ కూత ఎడమ చెవిలో ఇప్పటికీ ఉంది. ఎదురుగా డ్రైవాల్ గోడకు పెన్సిల్ పట్టేంత కన్నం. ఈ దేశంలో ఇంటి లోపలి గోడలంటే చెక్క ఫ్రేముకు అటూ ఇటూ కొట్టిన జిప్సం పలకలు. గుండుకు అవి అడ్డమే కాదు. గోడ అవతల పాంట్రీ, పాంట్రీ అవతల స్టవ్. ఆ స్టవ్ ముందు రోజులో సగం పూట మా అత్తగారు నిలబడి ఉంటారు.

పరుగెత్తాను. స్టవ్ దగ్గర ఎవరూ లేరు. పాంట్రీలో, సేల్ ఉందని తెచ్చి ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన సోనామసూరి బస్తాల్లో మొదటిదానికి చిల్లు పడి బియ్యం నేల మీదికి జారుతున్నాయి. వెనక బస్తాకు అవతలివైపు చెక్కుచెదరలేదు.

"ఏమిటి బాబూ ఆ చప్పుడు?" అంటూ అత్తగారు లోపలికి వచ్చారు.

"టపాసులండీ, పక్కవీధిలో."

"ఇవాళేం పండగ?"

"ఇక్కడ రోజూ ఏదో ఒకటి ఉంటుందండీ అత్తయ్యగారూ."

మొదటి బస్తా చిల్లుకు టేపు వేశాను. పడగ్గది గోడ మీది కన్నానికి, ఇళ్ళమ్మే ఏజెంటు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ తగిలించాను. పడగ్గదిలో పంచాంగం ఏమిటండీ అని సాయంత్రం మా ఆవిడ అడిగింది. వర్జ్యం చూసుకోవడానికన్నాను. మా పెళ్ళి ముహూర్తం ఏ నక్షత్రంలో పెట్టారో నేటికీ చెప్పలేని మనిషిని.

పట్టుబడిన తీరు కూడా చెప్పాలి. ప్యాకెట్ బియ్యం ఎంత శుభ్రంగా ఉన్నా, చేటలో పోసి చెరగనిదే ఎసట్లో పోయరు మా అత్తగారు. ఒక రాత్రి అందరం భోజనాలకు కూర్చున్నాక ఆవిడ అరచెయ్యి చాపి, "ఇక్కడి బియ్యంలో రాళ్ళు కూడా రాగిరంగువేనా బాబూ?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. మా ఆవిడ ఆ అరచేతిలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. లేచి పడగ్గదిలోకి వెళ్ళి క్యాలెండర్ తీసి చూసి వచ్చింది. అరవలేదు. "అప్పుడు అమ్మ ఎక్కడుంది?" అని ఒక్క మాట అడిగింది. పెరట్లో అన్నాను. కాసేపాగి, "నీకు తెలుసా, పెరట్లో ఉందని? ముందే తెలుసా?" అంది. నన్నెప్పుడూ 'మీరు' అనే మనిషి.

నాకు తెలియదు.

క్లాసులో చేరింది ఆ తర్వాతే. నేర్పేవాడు రిటైరైన పోలీసు, ఏనుగంత మనిషి, గొంతు మాత్రం మెత్తన. ఎందుకొచ్చారని ఒక్కొక్కరినీ అడిగాడు. నా పక్కనున్న పెద్దావిడ, "మా డిష్‌వాషర్‌ని కాల్చాను" అంది. అందరూ నవ్వారు. నాకు ధైర్యం వచ్చి బియ్యం బస్తా సంగతి చెప్పాను. మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు. లక్ష జనాభా దాటిన ఊళ్ళో నిర్లక్ష్యంగా తుపాకి పేల్చడం టెక్సస్‌లో నేరమని, తాళం వేయకుండా వదిలేసిన తుపాకి 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే అది ఇంకో నేరమని చెప్పి, మీ సొరుగుకు తాళం ఉందా అని నన్నే అడిగాడు.

జెఫ్ కూపర్ పేరు మొదట అక్కడే విన్నాను. మెరైన్ కోర్‌లో పనిచేసి, 1976లో అరిజోనాలో గన్‌సైట్ అనే శిక్షణాలయం పెట్టినాయన. తుపాకి పట్టేవాళ్ళు పాటించే నాలుగు నియమాలు ఆయన కుదిర్చినవే. ప్రతి తుపాకిలోనూ ఎప్పుడూ తూటా ఉన్నట్టే లెక్క. నాశనం చేయడానికి సిద్ధపడని దేని వైపూ మూతి తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. మొదటిది విన్నప్పుడు నాలోని ఇంజనీరుకు ఒళ్ళు మండింది. ఖాళీ అని చూశాక కూడా ఉన్నట్టే లెక్కేమిటి, అబద్ధం కదా? నేర్పే పెద్దాయనతో వాదించాను కూడా. "నువ్వు ఆ రోజు చూశావా, అనుకున్నావా?" అన్నాడు. చూశాననుకున్నాను. ఆ నియమం తుపాకి గురించి కాదు, నాలాంటివాడి నమ్మకం గురించి. మిగిలిన మూడూ ఆ నమ్మకం తప్పయిన రోజున పనికొచ్చేవి. అంతే ధీమాగా, అంతే తప్పుగా ఉండి కూడా, మూతిని ఇసుక బకెట్టులోకి పెట్టి నొక్కి ఉంటే చెవులు దిమ్మెక్కి ఊరుకునేవి.

నిశ్చయంగా తెలిసినవాళ్ళ కథలు ఆయన చాలా చెప్పాడు. 2004లో ఫ్లోరిడాలో మాదకద్రవ్యాల నిరోధక శాఖ ఏజెంటు ఒకడు, పిల్లల ముందు నిలబడి, ఈ గదిలో ఈ తుపాకి పట్టేంత నిపుణుణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పి, మరుక్షణం తన తొడలోకే కాల్చుకున్నాడు. అదీ గ్లాకే. 2008లో న్యూయార్క్ నైట్‌క్లబ్బులో ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ హోల్‌స్టర్ లేకుండా ప్యాంటు నడుము దగ్గర దోపుకున్న పిస్టల్ జారబోతే పట్టుకోబోయి తొడ పేల్చుకుని, జైలుకు వెళ్ళాడు. జారే తుపాకిని ఎప్పుడూ పట్టుకోబోకండి, పడనివ్వండి అని ఇక్కడ చెబుతారు. ఈ కాలపు పిస్టళ్ళు చాలామటుకు పడినంత మాత్రాన పేలవు, పట్టుకోబోయే వేలు ట్రిగ్గర్ మీద పడితే పేలుతాయి. పాత రివాల్వర్ల లెక్క వేరు. 2024 అక్టోబరులో హిందీ నటుడు గోవింద కాలికి ఆయన లైసెన్సు రివాల్వరే పేలింది. చెయ్యి జారిందన్నాడు. ఆ రోజు వాట్సాప్‌లో వచ్చిన జోకులన్నీ నేను చదివాను, మూడు గ్రూపులకు పంపించాను కూడా. అప్పటికి నా బియ్యానికి ఇంకా చిల్లు పడలేదు.

ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మన కుర్రాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి ఉంచుకోవడానికి వీల్లేదు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప. ఆ లైసెన్సు ఎలా తీసుకోవాలన్నదే వాళ్ళ ప్రశ్న. జింకను జూలో తప్ప చూడని పిల్లలు! తుపాకి తుడుచుకుంటూ మన కుర్రాడొకడు పోయాడన్న వార్త వచ్చినప్పుడు, అందరూ దేశాన్ని తిట్టారు, చట్టాన్ని తిట్టారు. నాకు మాత్రం తువ్వాలు మీద పడిన ఆ తూటా గుర్తొచ్చింది. బహుశా అతని ముందు కూడా అలాంటిది ఒకటి పడే ఉంటుంది.

ఇప్పుడు ముందు మ్యాగజైన్ తీస్తాను. తర్వాత స్లైడ్ ఒకసారి కాదు, మూడుసార్లు లాగుతాను. దాన్ని వెనక్కి ఆపి, చాంబర్‌లోకి చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూస్తాను. తూటాలున్న గదిలో తుడవను. తుపాకి ఇనప్పెట్టెలో, తూటాలు వేరే గదిలో వేరే తాళంలో. ఇన్ని తాళాల మధ్య దొంగ వస్తే, కాస్త కూర్చోండి, కాఫీ తాగుతారా అని అడగడం తప్ప చేయగలిగిందేమీ లేదు. బంగారం ఎటూ బ్యాంకు లాకర్‌కు చేరింది. మరి ఇంకా తుపాకి ఎందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మలేదు కూడా. రేంజికి వెళ్ళి కాలుస్తుంటే నాకు బాగుంటుంది, అంతే.

మొన్న మా వాడి క్లాస్‌మేట్ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పిల్లలిద్దరూ శనివారం రాత్రి మీ ఇంట్లో పడుకుంటామంటున్నారు, ముందు ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి అంది. మీ ఇంట్లో గన్ ఉందా? ఉందన్నాను. ఇనప్పెట్టె, రెండు తాళాలు, తూటాలు వేరే గదిలో అని మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నది. చాలా జాగ్రత్తగా ఉన్నారండీ అని మెచ్చుకుంది. ఆపైన, అయితే పిల్లలు మా ఇంట్లో పడుకుంటారు లెండి అంది.

మా వాడి పక్కబట్టలు సర్ది, తీసుకెళ్ళి దింపి వచ్చాను.