రెండు సీట్ల బండీ, రెండు టన్నుల పరువూ

మా నరసాపురంలో మనిషి పరువును కాటా మీద పెట్టి తూచి చెబుతారు. కాటా మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. ఒకప్పుడు గాదెలో ధాన్యం, తర్వాత మెడలో కాసులు, ఇప్పుడు అరుగు ముందు ఆగిన కారు. రొయ్యకు రేటు పలికిన ఏడాది ఊళ్ళోకి దిగే ప్రతి బండీ రెండు టన్నుల పైమాటే. రేటు పడిపోయిన ఏడాది బండి బరువు తగ్గదు సరికదా, దాని మీద వాయిదాల బరువు కూడా ఎక్కుతుంది. పెళ్ళి పందిట్లో ఫార్చ్యూనర్ దిగినవాడికి సోఫా, మారుతీ దిగినవాడికి ప్లాస్టిక్ కుర్చీ, మోటారుసైకిలు దిగినవాడికి సాంబారు బకెట్టు. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు గానీ, రాజ్యాంగం కంటే బాగా అమలవుతోంది.

ఇలాంటి ఊళ్ళో ఉంటూ మా బావ తొమ్మిది ధాన్యం బస్తాల బరువు కూడా లేని కారు కొంటానన్నాడు.

"ఏం బండి బావా?"

"ఆస్టిన్ హీలీ స్ప్రైట్. 1958లో ఇంగ్లండులో వచ్చింది. రెండే సీట్లు. బరువు 650 కిలోలకి అటూ ఇటూ. పైన కప్పు ఉండదు."

"కప్పు వాళ్ళే పెట్టలేదా, దారిలో ఊడిపోయిందా?"

బావ నాకేసి జాలిగా చూశాడు. రసికత లేనివాడికి రాగం వినిపించినట్టయింది ఆయనకి.

ఆ కారుకి దీపాలు బానెట్ మీద ఉబ్బి ఉంటాయి. అందుకే ఇంగ్లండు వాళ్ళే దానికి కప్ప కళ్ళ కారని పేరు పెట్టుకున్నారు. తలుపులకి బయట పిడి ఉండదు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. డిక్కీకి మూత లేదు. సామాను పెట్టాలంటే సీట్ల వెనక సందులోంచి తల దూర్చి పాకాలి. 948 సీసీ ఇంజను, 43 హార్స్ పవర్. గంటకి 96 కిలోమీటర్ల వేగం అందుకోడానికి ఇరవై సెకన్ల దాకా పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో మా పాలకొల్లు రోడ్డు మీద రెండు గేదెలూ ఒక ఆటో అడ్డం రాకుండా ఉండవు కాబట్టి, ఆ వేగం సంగతి మనకి ఎప్పటికీ తెలియదు.

అయినా ఈ బండ్ల మహత్తు వేగంలో లేదండి. వేగం అనిపించడంలో ఉంది. నేలకి జానెడెత్తున కూర్చుంటారు. స్టీరింగుకి పవర్ సాయం లేదు, అక్కర్లేదు కూడా, ముందు అంత బరువేముందని? రోడ్డు మీద గులకరాయి ఎక్కితే అరచేతిలో తెలుస్తుంది. నలభై మీద పోతుంటే తొంభై అనిపిస్తుంది. అదే రెండు టన్నుల బండిలో అద్దాలు ఎత్తి, ఏసీ పెట్టి, నూట ఇరవై మీద పోతున్నా నలభై అనిపిస్తుంది. అసలు వేగం తెలిసేది ఎదురుగా ధాన్యం లారీ వచ్చినప్పుడే. మన డెల్టా రోడ్ల మీద, ఆరబోసిన ధాన్యం ఒక పక్కా, రొయ్యల బండి కార్చిన నీళ్ళు ఇంకో పక్కా ఉండగా, నలభై దాటితే నేరం. కాబట్టి లెక్క ప్రకారం గోదావరి జిల్లాల కోసమే పుట్టిన బండి ఇది. లెక్క ప్రకారం.

లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ ఈ లెక్కనే మతం చేసుకున్నాడు. ఇంజను బలం పెంచితే తిన్నని రోడ్డు మీదే లాభం, బరువు తగ్గిస్తే మలుపులోనూ బ్రేకులోనూ కూడా లాభం అన్నది ఆయన వాదన. బరువు తగ్గితే చిన్న ఇంజను చాలు, చిన్న ఇంజనుకి సన్న చక్రాలు చాలు, వాటికి చిన్న బ్రేకులు చాలు. 1957లో ఆయన తెచ్చిన లోటస్ సెవెన్ అర టన్నుకి కాస్త అటూ ఇటూ. కారుగా కొంటే పన్ను పడుతుందని దాన్ని విడిభాగాలుగా అమ్మాడు, ఇంటికి తీసుకెళ్ళి ఎవరికి వాళ్ళే బిగించుకోవాలి. బిగించే పద్ధతి కాగితం ఇస్తే మళ్ళీ పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసిచ్చి కింద నుంచి పైకి చదువుకోమన్నారని అక్కడ చెప్పుకుంటారు. ఇది విన్నాక, ఆయన పుట్టాల్సింది మన జిల్లాలోనేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది. మన ఆడిటర్లింకా అంత దూరం వెళ్ళలేదు.

ఆ మాటకొస్తే తేలిక మా ఊరి సరుకే. మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే గిడ్డంగి పెట్టి, ఇక్కడి మెత్తటి నూలు గుడ్డని ఓడలకెక్కించారు. ఆ గుడ్డకి దేశదేశాల్లో ఇప్పటికీ మా మాధవాయిపాలెం పేరే, 'మదపోలం' అని. ఇక లేసు సంగతి తెలిసిందే. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేసు తేలిక, అల్లే ఆడవాళ్ళ కూలి ఇంకా తేలిక. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో దాని మీద ఒక పుస్తకమే రాసి ప్రపంచానికి చెప్పింది. ఊరికి చెప్పలేదేమో, ఊరు వినలేదేమో, కూలి మాత్రం కాటాకెక్కలేదు. కొత్త జిల్లా కేంద్రం పరువైనా దక్కుతుందనుకుంటే 2022లో దాన్ని భీమవరం పట్టుకుపోయింది. ఇన్ని తేలికలు పడ్డాక మావాళ్ళు బరువైన కార్లు కొంటున్నారంటే తప్పు పట్టలేం.

రెండు సీట్ల కారు మన బుర్రల్లోకి రాలేదనుకోకండి. వచ్చింది. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు చదివింది తక్కువ, చేసింది ఎక్కువ. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టి, మోటార్లూ గడియారాలూ రేజర్లూ తయారు చేసిన మనిషి. 1952లో ఆయన రెండు సీట్ల పెట్రోలు కారు చేశాడు. ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. ఢిల్లీ ఆలోచన నాకు అర్థమైంది. రెండు సీట్ల కారు కుటుంబ నియంత్రణని మరీ తొందరపెడుతుంది. దేశానికి కావలసింది అంబాసిడర్. ముందు నలుగురు, వెనక ఆరుగురు, డిక్కీలో పెళ్ళికొడుకు మేనమామ.

అదే కోయంబత్తూరు నుంచి తర్వాత ఎస్. కరివర్ధన్ వచ్చాడు. మనం సంతకెళ్ళే మారుతీ 800లోని 796 సీసీ ఇంజను తీసి ఒంటి సీటు రేసు బండికి బిగించి ఫార్ములా మారుతీ అన్నాడు. ఎందరో కుర్రాళ్ళకి అదే బడి అయింది. మనం మాత్రం అదే ఇంజను మీద ఏడుగురం ఎక్కి అన్నవరం వెళ్ళొచ్చి, బండి గుంజట్లేదని మెకానిక్కుని తిట్టాం.

ఇక మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వారి హెరాల్డ్. 1961లో వచ్చిన ఈ కారును ఆ రోజుల్లో మన పట్నాల్లో డాక్టర్లూ ప్లీడర్లూ ఇష్టపడి కొన్నారు. దీని మీద నాకు పక్షపాతం ఉందని ముందే చెప్పేస్తున్నాను. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్ ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి, దాని మీద రెండు సీట్ల ఒళ్ళు తొడిగితే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయింది. రెంటికీ రూపం గీసినవాడు మికెలోట్టి అనే ఇటలీ ఆయనే. అంటే లండన్ కుర్రకారు టోపీలు ఎగరేసుకుంటూ తిరిగిన స్పోర్ట్స్ కారుకి మన డాక్టరుగారి బండి తోబుట్టువు. బానెట్ మొత్తం ముందుకి వాలిపోతుంది, చక్రం మీద కూర్చుని తీరిగ్గా ఇంజను చూసుకోవచ్చు. ఏడున్నర మీటర్ల చుట్టుకొలతలో కాదండోయ్, వ్యాసంలో తిరిగిపోతుంది. మా లేసు వీధుల్లో కూడా వెనక్కి కొట్టకుండా తిప్పేయొచ్చు. లోపం ఒకటుంది. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక చక్రం ఒళ్ళు కిందికి మడుచుకుంటుంది. డాక్టర్లు భయపడేంత వేగంగా వెళ్ళలేదు కాబట్టి ఆ జబ్బు బయటపడలేదు.

మళ్ళీ బావ దగ్గరికి వద్దాం. స్ప్రైట్ దొరక్కపోతే ఎంజీ టీసీ అన్నాడు. 1945 నుంచి 1949 దాకా చేసిన బండి, తీగల చక్రాలతో మహా అందంగా ఉంటుంది. ఒంటి రేకు కింద చట్రం మాత్రం చెక్క. చెక్కా! మా ఊళ్ళో చెదలు రిజిస్ట్రారాఫీసు దస్తావేజులనే వదల్లేదు. ఇంగ్లండు చెక్క దొరికితే చుట్టాల్ని కూడా పిలుస్తాయి. ఏ ఇన్సూరెన్సు వాడి దగ్గరికి వెళ్ళి "కారుని చెదలు తిన్నాయండీ" అని చెప్పాలి?

పోనీ లోటస్ ఎలాన్. 1962 నాటిది, 700 కిలోల లోపు. 1989లో జపాను మాజ్డా వాళ్ళు తెచ్చిన చిన్న స్పోర్ట్స్ కారుకి ఆదర్శంగా పెట్టుకున్నది దీన్నే. ఒళ్ళు ఫైబర్‌గ్లాసు, తుప్పు పట్టదు. వెన్నెముక మాత్రం ఇనుము. మా ఉప్పుగాలికి కిటికీ ఊచలు సన్నబడిపోతాయి, సీలింగు ఫ్యాను రెక్కలు చిల్లులు పడతాయి. ఫైబరు పైన పెళ్ళికూతురిలా నిగనిగలాడుతుంటే లోపల ఛాసిస్ నిశ్శబ్దంగా పొడి అవుతుంది. దాని దీపాలు గాలి గుంజే పద్ధతిలో లేస్తాయి. పైపు ఎక్కడ లీకైనా మెల్లగా కళ్ళు మూసేసుకుంటాయి, సాధారణంగా రాత్రిపూట. ఆ కాలపు ఇంగ్లీషు కార్లకి వైరింగు సామాను ఎక్కువగా చేసిన లూకాస్ కంపెనీకి ఆ కార్ల యజమానులే చీకటి యువరాజు అని బిరుదిచ్చారు. కరెంటు కోతల్లో పెరిగినవాళ్ళం, ఆ ఒక్క విషయంలో మనకి కొత్తేమీ ఉండదు.

పెట్రోలు ఇంకో కథ. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. అది మన బియ్యంతోనూ మొక్కజొన్నతోనూ చెరకుతోనూ చేసిందే. గాల్లో తేమని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, కార్బురేటర్‌ని తినేస్తుంది. గోదావరి బియ్యం పడని ప్రాణిని మొదటిసారి వింటున్నాను.

చట్టం మటుకు చాలా దయగా ఉంది. 2021లో కేంద్రం పాత బండ్లకి రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు నిండి, ఛాసిస్, ఒళ్ళు, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉంటే, 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు తెచ్చుకోవచ్చు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకీ, సాంకేతిక పరిశోధనకీ, పాత కార్ల ర్యాలీకీ, పెట్రోలు పోయించుకోడానికీ, మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి. ఈ రూలు రాసిన అధికారికి ఇంట్లో పాత ఇంగ్లీషు కారు ఉండే ఉంటుంది. ఆ బండి జన్మలో వెళ్ళేది ఆ చివరి రెండు చోట్లకే.

ఇవేవీ బావని ఆపలేదు. ఆపింది మా అక్క.

"రెండు సీట్లేనా? మరి అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?" అంది.

బావ మాట్లాడలేదు.

"అమ్మాయికి సారె పట్టుకెళ్ళాలి. కాజాలూ, లడ్డూలూ, అరిసెలూ, బిందెలూ. ఇవన్నీ సీటు వెనక నుంచి పాకి పెడతారా? దానికి పంచె కట్టుకెళ్తారా, లుంగీయా?"

అప్పటికీ బావ ఆఖరి బాణం వేశాడు. పంటు పడవ మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగి, కొబ్బరి చెట్ల మధ్య కప్పు లేని బండిలో అంతర్వేది వెళ్తుంటే ఎంత బాగుంటుందో ఊహించమన్నాడు. అక్క ఊహించింది. "పంటు దిగే పలక మీద బండి కడుపు తగులుకుంటుంది. వెనకాల నలభై మోటారుసైకిళ్ళు హారన్ కొడతాయి. మీరు దిగి తోస్తారు. నేను స్టీరింగు పట్టుకుంటాను. ఊళ్ళో సగంమంది అక్కడే ఉంటారు" అంది. ఇంజినీరింగు చదవకుండానే గ్రౌండ్ క్లియరెన్సు గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నేను మధ్యవర్తిగా ఒక మాట అన్నాను. "బావా, చెరువు గట్టు మీద నీ పాత మారుతీ 800 ఉంది కదా. దాని బరువు కూడా ఇంచుమించు 650 కిలోలే. బలం కూడా నీ స్ప్రైట్ కంటే కాస్తే తక్కువ. కప్పు ఉంది, డిక్కీకి మూత ఉంది, తలుపుకి బయట పిడి కూడా ఉంది."

బావ మొహం మాడిపోయింది. ఆ మారుతీలో రొయ్యల మేత బస్తాలు మోస్తారు, కాపలావాడు నడుపుతాడు. తేలిక అనేది విలాయత్ నుంచి వస్తే రసికత, గట్టు మీదుంటే బీదరికం. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఫార్చ్యూనర్‌కే బయానా ఇచ్చాడు.

నా తీర్పు ఇది. బాగు చేయించే ఓపికా, తుప్పుని తుడిచే మనిషీ, ఇంకో మామూలు కారూ ఉన్నవాళ్ళు మాత్రమే తేలిక బండి కొనాలి. సముద్రానికి ఇంత దగ్గరలో లోటస్ వద్దే వద్దు, చెక్క చట్రం ఉన్న ఎంజీ అసలే వద్దు. సరదా తీరాలంటే స్టాండర్డ్ హెరాల్డ్ చాలు. 1970ల మొదట్లోనే తయారీ ఆగిపోయిన బండి కాబట్టి, మిగిలిన ప్రతి హెరాల్డ్‌కీ యాభై నిండాయి. తాతగారి కాలం నాటిది మీ పెరట్లో కొబ్బరి మట్టల కింద పడి ఉంటే, పాత ఇనుము వాడికి ఫోను చేసేముందు బీరువాలో ఆర్‌సీ కాగితం వెతకండి. చెదలు ముందు దాని దగ్గరికే వెళ్తాయి.