బోర్లా ఫొటో

పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు పంచడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆ వారంలోనే పిల్లను చంకనేసుకుని స్టూడియోకు రావడం కూడా ఒకప్పుడు ఆనవాయితీయే. ఒంటి మీద నూలుపోగు లేకుండా, మొలతాడూ కాళ్ళ కడియాలూ మాత్రం ఉంచి బల్ల మీద బోర్లా పడుకోబెడతారు. తల్లి ఎదురుగా నిలబడి గిలక్కాయ ఆడిస్తుంది. పిల్ల మెడ ఎత్తి చూస్తుంది. ఆ మెడ నిలిచేది రెండు మూడు క్షణాలే, మీట ఆలోపే నొక్కాలి. తెలుగునాట ఏ పాత ఆల్బం తిప్పినా ఆ ఫొటో ఒకటి తగులుతుంది. గడ్డాలూ మీసాలూ వచ్చి తాతలైనవాళ్ళు కూడా, దాన్ని మనవలకు చూపించి మురిసిపోతుంటారు.

నలుపు తెలుపుల్లో పసిపిల్లల్ని తీయడమంత ఇష్టమైన పని నాకు మరొకటి లేదు. రంగులుంటే కన్ను గౌను మీదికీ వెనక పరదా మీదికీ పోతుంది. రంగులు తీసేస్తే మిగిలేది చర్మమూ, దాని మీద వాలే వెలుగూ. చెవి వెనక నూగు, దారం కట్టి బిగించినట్టు మణికట్టు మీద పడే మడత, పాలు తాగీ తాగీ పైపెదవి నడుమ లేచిన చిన్న పొక్కు. ఇవన్నీ కనపడాలంటే దగ్గరికి వెళ్ళాలి, ఓపిక పట్టాలి. నేను పిల్లల మీద ఫ్లాష్ ఎప్పుడూ కొట్టలేదు. ఉత్తరం కిటికీ తలుపు ఓరగా తెరిచి, ఆ వెలుతురు చాలేదాకా కూర్చునేవాణ్ణి. చేతిలో యాషికా, అందులో 120 రీలు, దానికి 12 బొమ్మలు. ఓర్వో దొరికితే ఓర్వో, లేకపోతే అప్పట్లో ఊటీలో తయారయ్యే మన ఇందు ఫిల్ము.

నల్లటి పిల్లల ఫొటోల సంగతి కొంచెం చెప్పాలి. మీటరు నల్లటి ఒంటిని చూసి వెలుతురు చాలలేదనుకుంటుంది, ఇంకా ఇమ్మంటుంది. దాని మాట విన్నామా, పిల్ల బూడిద పూసుకున్నట్టు వస్తుంది. ఒక స్టాపు తగ్గించి తీయాలి. అప్పుడు నలుపు నలుపుగా నిలుస్తుంది, చెంప ఎత్తు మీదా భుజం గుండ్రం మీదా వెలుగు తళుక్కుమంటుంది. తెల్లటి పిల్లల ఒంటి మీద ఆ తళుకు అంత బాగా రాదు. రంగుల ఫిల్ము ఆ న్యాయం చేసేది కాదు. కొడాక్ వాళ్ళు రంగులు సరిచూసుకోవడానికి లేబులకు పంపే నమూనా కార్డు మీద ఒక తెల్లావిడ బొమ్మ ఉండేది, షర్లీ కార్డు అనేవారు. ఆ చర్మానికి కుదిర్చిన రంగుల్లో మన పిల్లల ముఖాలు మసిబారిపోయేవి.

1988 ఎండాకాలం. అప్పుడు నా స్టూడియో రాజంపేటలో. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కువైట్‌కు మనిషిని పంపని వీధి ఉండేది కాదు. ఒక పెద్దావిడా, ఆమె కూతురూ, కూతురి ఒళ్ళో అయిదు నెలల ఆడపిల్లా వచ్చారు. పిల్ల తండ్రి కువైట్లో డ్రైవరట. పురిటికి రాలేదు, బిడ్డను ఇంకా చూడనే లేదు. ఫొటో ఆయనకు పంపాలి.

"నలుపు తెలుపులోనే తియ్యి నాయనా" అంది పెద్దావిడ, కూర్చోకముందే.

కువైట్‌కు పంపేవాళ్ళందరూ రంగుల ఫొటోలే అడిగే రోజులవి. డబ్బుకు వెనకాడుతోందేమోనని, కలర్ రీలుంది, ధర తగ్గిస్తానన్నాను. డబ్బు సంగతి కాదు, నలుపు తెలుపే కావాలంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ రోజుల్లో అలా అడిగేవాళ్ళు ఎవరున్నారు?

బల్ల మీద తెల్ల దుప్పటి పరిచాను. ఆవిడ దాన్ని తీయించి, సంచిలోంచి నల్ల శాలువా తీసి తనే పరిచింది. దిష్టి చుక్క పెట్టలేదేమమ్మా, కాటుక తెమ్మంటారా అని అడిగితే "వద్దులే నాయనా" అని ముఖం తిప్పుకుంది. కూతురు ఏమీ మాట్లాడలేదు. పిల్ల మొలతాడు సరిచేసి, ఎదురుగా గిలక్కాయ పట్టుకుని నిలబడింది.

పిల్ల నిజంగా చక్కని పిల్ల. నేరేడుపండు నిగనిగ. ముందు ఏడ్చింది, తర్వాత శాలువా అంచు నోట్లో పెట్టుకుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి రెండు అరచేతులూ బల్లకు ఆనించి మెడ ఎత్తింది. కళ్ళలో కిటికీ మొత్తం కనిపించింది. నొక్కాను.

ఆ రాత్రి ప్రింటు వేశాను. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, మందునీళ్ళ పళ్ళెంలో తెల్ల కాగితం మీద మొదట కళ్ళొచ్చాయి, తర్వాత జుట్టు, కడపట చెంపల మీది వెలుగు చుట్టూ ముఖమంతా. హైపోలోంచి తీసి కడిగి, తీగకు క్లిప్పు పెట్టి, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

చెప్పిన రోజుకు ముగ్గురూ వచ్చారు. పెద్దావిడ ఫొటోను గుమ్మం దగ్గర ఎండలోకి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుండాది నాయనా. ఇంకొంచెం తెల్లంగా రాదా?"

"ఉన్నది ఉన్నట్టే వచ్చిందమ్మా."

"అట్లంటే ఎట్ల? ఈ పాప పెండ్లి కుదిరేటప్పుడు తిరపతిలో ఫొటో తీయిస్తిమి. ఆయప్ప పెన్సిలుతో ఏందో గీసి ఇచ్చినాడు. దొరసాని మాదిరి వచ్చింది. అది చూసే కదా మా అల్లుడు కువైట్ నుంచి సరేనని జాబు రాసింది."

నెగటివు మీద సన్నటి పెన్సిలుతో గీస్తే ఆ చోటు ప్రింటులో తెల్లబడుతుంది. ఆ పని నాకూ వచ్చు. ఈ పిల్ల ముఖం మీద పెన్సిలు పెట్టనన్నాను. ఇంత మంచి ఫొటో ఈ బల్ల మీద చాలా కాలంగా రాలేదని, తండ్రి చూస్తే విమానమెక్కి వచ్చేస్తాడని చెప్పాను.

"నీకూ నాకూ తెలుసు నాయనా బిడ్డ బాగుందని. చూడాల్సింది మనం కాదు గదా. కాస్త గీసియ్యి, పుణ్యముంటుంది."

అప్పుడు నోరు విప్పింది కూతురు.

"అన్నా, పెన్సిలు వద్దు. కలర్ రీలు ఉందంటివే, అది ఎక్కించు. తెల్ల దుప్పటి మీదనే తియ్యి."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. కూతురు ఆ చెయ్యి పక్కకు తీసింది.

"నా ఫొటో చూసి సరేనన్న మనిషి, పెండ్లికి మూన్నాళ్ళ ముందు దిగి నన్ను చూసినాడు. ఎకరా రాసిస్తే గానీ పీటల మీద కూచోనన్యాడు. నాయన రాసిచ్చినాడు. ఇప్పుడు బిడ్డనీ ఇట్లనే చూపిచ్చి, రేపు ఆయన వచ్చి చూస్తే, రాసిచ్చేదానికి ఇంకో ఎకరా మనకాడ యాడుందిమా?"