కద్మా ఎగ్జిక్యూటరుగారు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి జంషెడ్‌పూర్ కద్మాలోనూ సోనారిలోనూ తరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాల మధ్య, ఉద్యోగం విరమించినా పెద్దరికం విరమించని ఫోర్‌మన్ ఒకరు తప్పక కనబడతారు. సంబంధం కుదరాలన్నా, అన్నదమ్ములు వేరుపడాలన్నా పిలుపు ఆయనకే వెళ్తుంది గనుక, వీలునామా రాసేవారు కూడా మరో ఆలోచన లేకుండా ఆయన పేరే రాస్తారు. తన మరణానంతరం వీలునామాను అమలుపరచమని కర్త స్వయంగా నియమించిన ఇటువంటి వ్యక్తినే 1925 నాటి భారత వారసత్వ చట్టం ఎగ్జిక్యూటర్ అంటుంది. ఇష్టం లేకపోతే రాసి ఇచ్చి తప్పుకోవచ్చు. ఈ కోవకు చెందినవారు ఆ వెసులుబాటును వాడుకున్న దాఖలా లేదు.

మృతుని స్థితికి తగినట్లు అంత్యక్రియలకు సొమ్ము సమకూర్చడం ఎగ్జిక్యూటర్ విధి అని ఆ చట్టంలోని 316వ సెక్షన్ చెబుతుంది. ఆయన దానిని చదివి ఉండరు గాని, ఆచరణలో ఆయనను మించిన వ్యాఖ్యాత లేడు. పోయినవారు బ్లాస్ట్ ఫర్నేసులో చార్జిమాన్‌గా చేశారు గనుక పెద్దకర్మనాడు గారెలతో సరిపెట్టడం స్థితికి తగదనీ, బూరెలు కూడా ఉండి తీరాలనీ ఆయన తీర్పు చెబుతారు. ఆ తీర్పుపై అప్పీలు ఉండదు.

చట్టం అక్కడ ఆగదు, ఆయన ఆగుతారు. అంత్యక్రియల ఖర్చూ, చివరి నెల వైద్యం ఖర్చూ తీరాక, వీలునామా నిజమైనదని కోర్టు ధ్రువీకరించే ప్రొబేటు ఖర్చు. దాని తర్వాత మరణానికి ముందరి మూడు నెలల్లో పనిచేసిన నౌకర్ల జీతాలు. తర్వాతే మిగిలిన అప్పులు, ఆ పైన పంపకాలు. బూరెల బిల్లు మొదటి వారమే చెల్లుతుంది. పనిమనిషి మాత్రం వంటింటి గుమ్మం దగ్గరకు మళ్ళీ మళ్ళీ వచ్చిపోతుంటుంది.

అసలు చిక్కు ఆస్తి దగ్గర వస్తుంది. ముప్పై ఏళ్ళు ఉన్న మమకారంతో మృతుడు కంపెనీ క్వార్టరును చిన్నకొడుకు పేర రాసి ఉంటాడు, అది కంపెనీదని చెప్పవలసినవాడు ఎగ్జిక్యూటరే అయినా, ఆయన “చూద్దాంలే అల్లుడా” అని మాట దాటవేస్తారు. టాటా స్టీల్ షేర్లకు నామినీగా ఉన్న పెద్దల్లుడు అవి తనవేనంటాడు. నామినీ షేర్లను అందుకునేవాడే తప్ప వారసులను తోసిరాజని యజమాని కాజాలడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో తేల్చిన సంగతిని, పెద్దల్లుణ్ణి నొప్పించడం ఇష్టంలేక, ఆయన తన దగ్గరే దాచుకుంటారు.

ప్రొబేటు వచ్చాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితానూ, ఏడాదిలో జమాఖర్చులనూ కోర్టుకు సమర్పించాలి. ఆయన పాకెట్ డైరీలో నెయ్యి, జీడిపప్పు గ్రాములతో సహా నమోదై ఉంటాయి. షేర్లకు ఎదురుగా “తర్వాత” అని ఉంటుంది. ఆ ‘తర్వాత’ తేలకముందే సోనారి నుంచి మరో పెద్దాయన తన వీలునామాకు ఎగ్జిక్యూటరుగా ఉండమని కబురు పెడతాడు. ఆస్తులేమిటో, అప్పులేమిటో అడగకుండానే ఆయన సరేనని, భోజనాలకు ఎంతమంది రావచ్చునో మాత్రం కనుక్కుంటారు.