రెండు ఓట్లు, సున్నా పట్టాలు

చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా అంచున పరందోలి, ముకదంగూడ వంటి పద్నాలుగు ఊళ్లున్నాయి. మహారాష్ట్ర తనవంటుంది, తెలంగాణ కెరమెరి మండలంలో లెక్కేసుకుంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్. గోటిమీది సిరా పూర్తిగా పోకముందే రెండో పిలుపు. ఫలితం చూడండి: అటు కాంగ్రెస్ ప్రతిభా ధానోర్కర్, ఇటు బీజేపీ గోడం నగేశ్. పాలకపక్షం, ప్రతిపక్షం రెండూ వీళ్ల గుమ్మంలోనే! ఇంత భాగ్యం ఢిల్లీవాళ్లకైనా ఉందా?

ఒకరికి రెండు ఓట్లు నేరం కదా అంటారు. నిజమే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. కానీ ఆ రెండు ఓటరు కార్డులు ఊరివాళ్లు అచ్చేసుకున్నవి కావే! రెండు రాష్ట్రాల యంత్రాంగమూ పేర్లు రాసుకుని, బూత్ పెట్టి మరీ పిలిచింది. రేషన్ కార్డులూ రెండున్నాయిగా అన్నది మరో దెప్పు. బియ్యం సరే, ఏళ్లుగా దున్నుతున్న చేనుకు పట్టా అడిగితే మాత్రం ఈ ఆఫీసు ఆ ఆఫీసును చూపిస్తుంది. ఓటరు జాబితా రాసేటప్పుడు అడ్డురాని సరిహద్దు, సర్వే గొలుసు దించమనేసరికి ఎక్కణ్నుంచి పుట్టుకొస్తుందో!